పైముద్ర

ఆదివారం అబిడ్స్‌లో, మూసిన షట్టర్ల ముందు
పాత పుస్తకాల వరస ఆగిపోయే చోట
ఖుద్రతుల్లా సాబ్ దుప్పటి ముక్కొకటి పరుస్తాడు.
దాని మీద దేశాలు.
పది రూపాయలకు నాలుగు వచ్చేవి కొన్ని,
వందకు ఒకటి కూడా రానివి కొన్ని,
బేరానికే లొంగనిది ఒకటి.

ముప్పై నాలుగేళ్లు
అదిగో, ఆ పెద్ద పోస్టాఫీసులో
తేదీ ముద్ర కొట్టిన చెయ్యి నాది.
నాయకులు, నెమళ్లు, ఉపగ్రహాలు
ఎవరి మొహమైనా ఒకటే నాకు.
ఠక్కు. తర్వాతది.
వాన ముసురు పడితే భుజం ఇప్పటికీ లెక్క అప్పజెబుతుంది.

"జర నిదానంగ చూడు కొమురన్నా"
పట్టకారుతో ఒకదాన్ని ఎత్తాడు సాబ్.
వంగపండు రంగులో ఒక రాణి.
హవాయి అట, సముద్రం నడిమధ్య.
రాణి మీంచి ఎర్రటి అక్షరాలు: తాత్కాలిక ప్రభుత్వం.
చెరకు తోటల షావుకార్లకు తొందరెక్కువ.
రేవులో అమెరికా యుద్ధనౌక, వీధిలో దాని సిపాయిలు.
రాణిని దింపేశారు గానీ
రాణి బొమ్మలు గోదాములో మిగిలిపోయాయి.
పారేయబుద్ధి కాలేదు.
సిరా ఉంది, ఒత్తేశారు.

ఆ తాత్కాలికం ఇంకా అయిపోలేదు.

రెండోది అమెరికా వాళ్ల సొంత స్టాంపే,
వాళ్ల నాయకుడి మొహమే.
అడ్డంగా నల్లగా: ఫిలిప్పీన్స్.
రెండు కోట్ల డాలర్లకు బేరం తెగిందట.
అమ్మినవాడు పారిస్‌లో, కొన్నవాడు పారిస్‌లో,
అమ్ముడుపోయినవాడు మోకాటి లోతు బురదలో
వరి నాటుతున్నాడు.
మన అంగట్లో ఎద్దునమ్మితే
ఎద్దన్నా అక్కడ ఉంటుంది గదా సాబ్!

ఆయన నవ్వలేదు.
ఆ కాగితంలో కూడా దయ అనే మాట ఉందన్నాడు.
దయతో కలుపుకుంటున్నామని.

ఆ మాట వినగానే అవ్వ కాగితం గుర్తొచ్చింది.
రేకు పెట్టె అడుగున, పసుపు గుడ్డలో, ఉర్దూలో.
నాకూ రాదు, అవ్వకూ రాదు,
పోయినేడు సాబే చదివి పెట్టాడు:
రెండు బస్తాల జొన్నలకు
నేను, నా పిల్లలు, వాళ్ల పిల్లలు
దొర గడిలో పని చేయగలవారము,
ఇది నా సంతోషంతో
ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చినది.
కింద నల్లటి బొటనవేలు.
చదవడం అయ్యాక కళ్లద్దాలు తీసి
చాలాసేపు చొక్కా అంచుతో తుడిచాడు.

సంఘం వచ్చిన యేడు గడి తలుపులు తెరుచుకున్నాయి.
కాగితాలన్నీ వాకిట్లో గుట్టపోసి అంటించారు.
ఊరంతా వెలుగు.
అవ్వ మాత్రం తనది వెతికించుకుని
కొంగున కట్టుకుని ఇంటికొచ్చిందట.
"కాలబెట్టరాదే" అని తాత అరిస్తే
"నా యేలు నాకు గావాలె" అన్నదట.

సాబ్ చివరి పొట్లం విప్పాడు.
ఎర్రటి చిన్న ముక్క.
ముక్కోణం, లోపల సూర్యుడు.
తిరగబడ్డవాళ్లు తమ కోసం తామే అచ్చేసుకున్నది.
చేతిలో బోలో కత్తులు, ఎదురుగా ఫిరంగులు,
మధ్యలో ఎవరికో గుర్తొచ్చింది,
మనకూ ఉత్తరాలుంటాయి, ఉత్తరాలకు స్టాంపు కావాలి.
ఒకసారి ఎగరేసిన జెండా
మళ్లీ తమదిగా ఎగరడానికి నలభై ఎనిమిదేళ్లు.
అప్పటికి ఆ ఉత్తరాలు రాసిన చేతులు ఎక్కడివి?

వెలుగుకు పట్టి చూశాను.
ఏ పేరూ మీద పడలేదు.
తేదీ లేదు, ఊరు లేదు, ముద్ర లేదు.
అలవాటైన కుడి చెయ్యి కాస్త లేవబోయి
తొడ మీదే ఆగింది.

"ఎంత సాబ్ ఇది?"
"ఒకపాలి అమ్మిన్రు గదా," అన్నాడు, "సాలదా?"

చినుకులు మొదలయ్యాయి.
ఇద్దరం కలిసి దుప్పటి నాలుగు కొసలు పట్టి ఎత్తాం.
దేశాలన్నీ నడిమికి జారాయి.
రాణి ఎక్కడో అడుగున పడింది.